సర్ ఆల్బర్టు హోవర్డు గారి జీవితచరిత్రము

వాడపల్లి సంగమమును మీలో ననేకులు చూచియే యుందురు. అనంతగిరి కొండలయందు పుట్టి, హైదరాబాదు నగరము నడుమ ప్రవహించి, సూర్యాపేట ప్రాంతమును దాటి వచ్చిన మూసీనది యచట కృష్ణానదితో కలియుచున్నది. అగస్త్యేశ్వరాలయమును, లక్ష్మీనరసింహాలయమును దర్శింప వచ్చిన యాత్రికులు ఆ గట్టున కొంతతడవు నిలిచి, నీటిని చూచి, తమ దారిని తాము పోవుదురు. కాని కొంచెము యోచించువానికి అచట నొక ప్రశ్న యెదురగును. పల్లెలనుండి ధాన్యము, కూరగాయలు, పాలు, పండ్లు ప్రతిదినమును నగరమునకు పోవుచున్నవి. నగరము వానిని భుజించి, తన మలినములో చాలభాగమును మూసీలో విడుచుచున్నది. ఆ మలినము ఏటివెంట దిగివచ్చి యీ సంగమమును చేరుచున్నది. పొలమునుండి పోయిన సారము పొలమునకు మరల రాలేదు. నీటిలో కలిసి, దిగువ నున్నవారికి బాధయైనది. సారము తగ్గిన పొలమేమో యేటేట మరికొన్ని బస్తాల యెరువును కోరుచున్నది. ఈ నష్టము ఎవ్వరిది? దీనిని మాన్పు మార్గమేది?

నూరేండ్ల క్రిందటనే ఈ ప్రశ్నను లోకము నెదుట పెట్టి, దాని సమాధానమును మన దేశపు రైతుల పొలములయందే వెదకిన మహనీయుడొకడు గలడు. ఆయన పేరు సర్ ఆల్బర్టు హోవర్డు. ఆయన పుట్టుకచే ఆంగ్లేయుడు, విద్యచే శాస్త్రజ్ఞుడు. అయినను వ్యవసాయమున తాను భారతదేశపు రైతునకు శిష్యుడనని చెప్పుకొనుటకు సంకోచింపలేదు. సేంద్రియ వ్యవసాయమని నేడు దేశదేశముల బిలువబడుచున్న పద్ధతికి మూలపురుషులలో నాయన యొకడు. వ్యవసాయదారుల బిడ్డలు చదువుకొను పాఠశాలలయందు ఆయన చరిత్రము తెలియవలసినది.

జననము, విద్యాభ్యాసము

ఆల్బర్టు హోవర్డు 1873వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన ఇంగ్లండు దేశమందు ష్రాప్‌షైరు మండలములోని బిషప్స్ కాసిల్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి వ్యవసాయదారుడు. పశువుల కొట్టము, గడ్డివామి, దుక్కి, కోత మొదలగునవి ఆ బాలునికి పుస్తకములకంటె ముందుగా పరిచయమైనవి. ఆయన చదువులో చురుకైనవాడు. లండను నగరములోని రాయల్ కాలేజి ఆఫ్ సైన్సునందును, పిమ్మట కేంబ్రిడ్జిలోని సెంటు జాన్సు కళాశాలయందును ప్రకృతిశాస్త్రములు నేర్చి, వ్యవసాయమునందును పట్టము పొందెను.

ఆ దినములలో వ్యవసాయశాస్త్రము జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడగు లీబిగు చూపిన త్రోవను నడుచుచుండెను. 1840లో ఆయన ప్రకటించిన గ్రంథము మొదలుకొని, మొక్కకు కావలసిన లవణములను లెక్కకట్టి నేలకు అందించిన చాలునను నమ్మిక ప్రబలెను. నత్రజని, భాస్వరము, పొటాషియము అను మూటి లెక్కయే భూసారమని పలువురు తలచిరి. హోవర్డు నేర్చినదియు ఈ విద్యయే. కాని పొలమున పుట్టి పెరిగినవాడగుటచే, సీసాలలోని లెక్కకును, చాళ్లలోని పంటకును నడుమ నెంత దూరమున్నదో ఆయన త్వరలోనే గ్రహించెను.

1899లో ఆయన బార్బడోసు ద్వీపమునకు పోయి, పడమటి ఇండియా దీవుల వ్యవసాయశాఖలో శిలీంధ్ర శాస్త్రజ్ఞుడుగా పనిచేసెను. చెరకు, కోకో మొదలగు పంటలకు పట్టు తెగుళ్లను పరిశోధించి రైతులకు సలహా చెప్పుట ఆయన ఉద్యోగము. దినమంతయు సూక్ష్మదర్శిని యెదుట కూర్చుండి తెగులు కణములను చూచుచుండగా ఆయన మనస్సున నొక అసంతృప్తి పొడమెను. తనకు సాగుచేయుటకు ఒక చెక్క నేలయైన లేదు. తాను చెప్పిన చికిత్సను తానే చేసి చూచుట కవకాశము లేదు. అట్టివాడు రైతునకు సలహా చెప్పుట ఎంతవరకు తగునని ఆయనకు సందేహము కలిగెను. ఈ సందేహమే ఆయన జీవితమును మలుపు త్రిప్పినది.

1903లో స్వదేశమునకు మరలి, కెంటు మండలములో వై అను చోటనున్న వ్యవసాయ కళాశాలయందు వృక్షశాస్త్రజ్ఞుడుగా చేరెను. అచ్చటి రైతులు హాప్సు అను తీగపంటను పెంచుచుందురు. కాయలలో గింజలు పుట్టకుండుటకై వారు మగతీగలను పెరికివేయుట వాడుక. మగతీగలను తోటయందే యుండనిచ్చినచో కాయలు త్వరగా పెరుగుటయే గాక, పేనుకును బూజునకును బాగుగా తాళునని హోవర్డు చేసి చూపెను. ప్రకృతి యేర్పరచిన క్రమమునకు అడ్డుపడినపుడు మొక్క బలము తగ్గునని ఆయన అచట నేర్చిన మొదటి పాఠము.

భారతదేశమునకు వచ్చుట

1905లో బీహారులోని పూసా గ్రామమున వ్యవసాయ పరిశోధనాలయము స్థాపింపబడెను. లార్డు కర్జను పరిపాలనమున, అమెరికా దేశపు దాతయగు హెన్రీ ఫిప్సు ఇచ్చిన ద్రవ్యముతో ఈ సంస్థ వెలసినది. 1934వ సంవత్సరపు భూకంపములో అచ్చటి భవనములు చెడుటవలన తరువాత నిది ఢిల్లీకి మార్పబడెను. ఈ పూసా సంస్థకు వృక్షశాస్త్రజ్ఞుడుగా హోవర్డు నియమింపబడెను. ఆ యేటనే ఆయన గేబ్రియేలు మత్తేయి అను విదుషిని వివాహమాడెను. ఆమె కేంబ్రిడ్జిలో మొక్కల జీవక్రియలను పరిశోధించి పేరు పొందినది. ఆ దంపతులు ఇరువదియైదేండ్లపాటు ఒకే పొలమున నిలిచి, ఒకే పనిని చేసిరి. వారి గ్రంథములలో పెక్కింటిపై ఇరువురి పేర్లును గలవు. హోవర్డు కీర్తిలో సగము గేబ్రియేలు గారిదని చెప్పుట అతిశయోక్తి కాదు.

వారు పూసాయందు చేసిన పనులలో గోధుమ విత్తనముల సంస్కరణము ముఖ్యమైనది. పూసా 4, పూసా 12 అను రకములు ఉత్తర హిందూదేశమున లక్షలకొలది యెకరములలో వ్యాపించెను. ఇంతటితో నిలిచిపోయినను వారికి పేరు దక్కియుండును. కాని మంచి విత్తనము చెడిన నేలలో పడినచో దాని మంచితనము పైకి రాదని హోవర్డు కనిపెట్టెను. విత్తనముకంటె ముందు నేలను చూడవలెనను నిశ్చయము ఆయనకు కలిగెను.

రైతులే గురువులు

పూసాయందు ఆయనకు 75 ఎకరముల నేల స్వాధీనమాయెను. ఇన్నాళ్లకు తన ఇచ్ఛ చొప్పున సాగుచేయుటకు పొలము దొరకినది. ఎట్లు సాగుచేయవలెను? ఉద్యోగులలో మరియొకడైనచో పాశ్చాత్య గ్రంథములను తెరచి చూచియుండును. హోవర్డు పొరుగు పొలములకు నడచిపోయెను. అచ్చటి రైతుల పైరులను చూచి యాశ్చర్యపడెను. వారు మందులను చల్లుట లేదు. కొన్న యెరువులను వేయుట లేదు. అయినను వారి పైరులకు తెగుళ్లు మిక్కిలి తక్కువగా నుండెను. ఇందుకు కారణమేదియో వీరికి తెలియును, నాకు తెలియదు అను వినయము ఆయనకు కలిగెను. అప్పటినుండి ఆ రైతులను తన గురువులుగా నెంచుకొనెను. చీడపురుగులను సైతము గురువులనే తలచెను. ఏలనగా, పురుగు పట్టిన మొక్క యెక్కడనుండునో అక్కడ సాగులో నేదియో లోపమున్నదని ఆ పురుగే చూపుచున్నది గదా!

రైతులయొద్ద ఆయన నేర్చిన సంగతులు మన పెద్దలకు క్రొత్తవి కావు. జొన్నతో కందిని, ధాన్యపు పంటతో పప్పుపంటను కలిపి వేయుదురు. పప్పుజాతి మొక్కల వేళ్లయందు బుడిపెలుండును. వానిలోని సూక్ష్మజీవులు గాలియందలి నత్రజనిని పట్టి నేలకు అందించును. మన రైతులకు ఈ శాస్త్రకారణము తెలియకపోయినను ఫలము తెలియును. కంది వేసిన చేనిలో మరుసటి పంట బాగుండునని వారి యనుభవము. జనుము, జీలుగ, పిల్లిపెసర మొదలగువానిని పెంచి, పూతకు వచ్చినపుడు కలియదున్నుట. గొర్రెల మందలను రాత్రులు పొలమున నిలుపుట. ఎండకాలమున చెరువు పూడికమట్టిని తోలి మెట్టచేలకు చల్లుట. ఇవి తెలుగు దేశమున తరతరములనుండి వచ్చిన పద్ధతులు. చెరువునుండి నీటిని కొన్న ఊరు, ఆ చెరువు మట్టినే పొలమునకు మరల చేర్చుచుండెను. అట్లు చెరువు లోతు నిలిచెను; పొలము బలము పెరిగెను. ఒకే పనివలన ఊరందరికి నీరు, రైతునకు సారము లభించినవి.

నేలకు గాలి యాడవలెనని హోవర్డు మరియొక సత్యమును నొక్కిచెప్పెను. వర్షాకాలమున నీరు నిలిచిన నేలలో వేళ్లు ఊపిరాడక కుళ్లును; మొక్క పైకి పచ్చగానున్నను లోపల క్షీణించును; అట్టి మొక్కను పురుగు వెదకుకొని వచ్చును. అందుచే తెగులు పట్టినపుడు ఆకును మాత్రమే చూడక, త్రవ్వి వేరును చూడవలెనని ఆయన తన శిష్యులకు నేర్పుచుండెను.

1910వ సంవత్సరము నాటికి తన పొలమున మందులు గాని, కృత్రిమపు టెరువులు గాని లేకయే ఆరోగ్యవంతమగు పైరులను పండించుట తనకు పట్టువడినదని ఆయన తృప్తిపడెను.

ఎద్దుల పరీక్ష

పైరు సంగతి తేలినది. ఆ పైరును తిను పశువుల సంగతి యేమి? హోవర్డు తన పొలమునకై ఆరు జతల యెద్దులను తెచ్చుకొనెను. వానికి తన చేలలో పండిన మేతనే పెట్టి, మంచి కొట్టములో నుంచి, తానే పరామర్శించుచుండెను. ఆ ప్రాంతమున గాలికుంటు వ్యాధి తరచుగా వచ్చుచుండెను. గాలికుంటు వచ్చిన పొరుగు పశువులు కంచె కావల మేయుచుండెను. ఈ యెద్దులు వానితో మూతులు రాచుకొనుట హోవర్డు కన్నులార చూచెను. అయినను తన యెద్దులకు ఆ వ్యాధి సోకలేదని ఆయన వ్రాసియుంచెను. సారవంతమగు నేల, దానినుండి బలమైన మేత, దానివలన ఆరోగ్యవంతమగు పశువు, అట్టి పాడిపంటలవలన ఆరోగ్యవంతుడగు మనుష్యుడు అను గొలుసు ఆయన మనస్సున అప్పుడే యేర్పడినది. ఈ యొక్క పరీక్షవలన పశువులకు టీకాలు వలదని యెవ్వరును తలపరాదు. నేటి పశువైద్యులు గాలికుంటునకు టీకా వేయించుట యవసరమనియే చెప్పుదురు. కాని మేతలోని బలము దేహమునకు రక్షయని హోవర్డు చూపిన మార్గము త్రోసివేయరానిది.

1910 మొదలు కొన్ని వేసవులు హోవర్డు దంపతులు బెలూచిస్తానమందలి క్వెట్టాలో పండ్లతోటల పరిశోధనకై గడపిరి. ఆ దేశమున వాన మిక్కిలి తక్కువ. విత్తుటకు ముందే నేలను చక్కగా తడిపి, ఆ తేమను దుక్కిచేత కాపాడినచో, తరువాత మాటిమాటికి నీరు పెట్టకయే గోధుమ పండునని వారు చూపిరి. ఎక్కువ నీరు పెట్టిన రైతు తన నేలకు గాలి లేకుండ చేసికొనుటయే గాక, కాలువ చివరనున్న రైతు నీటిని గూడ తీసికొన్నవాడగుచున్నాడు. నాగార్జునసాగరపు ఎడమ కాలువక్రింద వరి పండించు మిర్యాలగూడ ప్రాంతపు రైతులకు ఈ మాట చక్కగా అర్థమగును.

ఇండోరు పరిశోధనాలయము

పూసాయందు ఒక లోపముండెను. అచట విత్తనమునకొక శాఖ, పురుగునకొక శాఖ, తెగులునకొక శాఖ, రసాయనమునకొక శాఖ వేరువేరుగా నుండెను. మొక్క మాత్రము ఒక్కటియే! హోవర్డు వేళ్లను గూర్చియు, నేలను గూర్చియు, పశువులను గూర్చియు పరిశోధింపబోయినపుడు ఇతర శాఖలవారు తమ హద్దులోనికి వచ్చినాడని యాక్షేపించుచుండిరి. అందుచే నేల మొదలు గింజవరకు అంతయు ఒకే చోట పరిశీలించు సంస్థ నొకదానిని స్థాపింపవలెనని ఆయన సంకల్పించెను. 1924లో అది నెరవేరినది. మధ్య హిందూస్థానమున ఇండోరు నగరముచెంత హోల్కరు సంస్థానమువారిచ్చిన నేలలో, ప్రత్తి కమిటీవారి ధనసహాయముతో ఆ పరిశోధనాలయము వెలసెను. హోవర్డు దాని యధ్యక్షుడయ్యెను. అచ్చటి నేల నల్లరేగడి, పంట ప్రత్తి. మన తెలంగాణమందలి నల్లరేగడి చేలను ఎరిగినవారికి ఆ నేల గుణము వేరుగా చెప్ప నక్కరలేదు.

ఇచ్చటనే ఆయన పేరును చిరస్థాయిగా చేసిన పని జరిగినది. చైనా దేశపు రైతులు నాలుగువేల యేండ్లుగా ఒకే నేలను సాగుచేయుచున్నను దాని సారము తగ్గలేదని అమెరికా శాస్త్రజ్ఞుడగు కింగు 1911లో ప్రకటింపబడిన గ్రంథమున వర్ణించెను. ఊరిలోని చెత్త, పేడ, బూడిద, మలము సమస్తమును కుళ్లబెట్టి నేలకు మరల చేర్చుటయే వారి రహస్యము. మన దేశమున పేడలో చాలభాగము పిడకలై పొయ్యిలో కాలిపోవుచుండెను. మూత్రము కొట్టపు నేలలో ఇంకిపోవుచుండెను. ప్రత్తికట్టె, ఆకు, అలము చేని గట్టున తగులబెట్టబడుచుండెను. ఉన్న కొద్దిపాటి పెంట ఎండకు ఎండి, వానకు కొట్టుకొనిపోవుచుండెను. చైనావారి వాడుకను, మన రైతుల వాడుకను, సూక్ష్మజీవశాస్త్రమును కలిపి, ఏ పల్లెటూరివాడైన చేయదగిన యొక పద్ధతిని హోవర్డును, ఆయన సహకారియగు యశ్వంత్ వాడ్ అను రసాయన శాస్త్రజ్ఞుడును కుదిర్చిరి. అదియే ఇండోరు పద్ధతియని ప్రసిద్ధమైనది.

ఎరువు చేయు విధానము

మన విద్యార్థులు ఇండ్లయందు చేసి చూచుటకై దాని క్రమమును సంగ్రహముగా చెప్పెదను. మోకాలి లోతునకు మించి, నడుము లోతునకు మించని గుంతను త్రవ్వవలెను. లోతెక్కువైనచో గాలి యాడదు. వాననీరు చొరకుండ గట్టుమీద చోటు చూడవలెను. చేని చెత్త, కలుపు, ఎండుటాకు, గడ్డి, ప్రత్తికట్టె మొదలగువానిని సేకరింపవలెను. ప్రత్తికట్టె గట్టిది గనుక ఇండోరులో దానిని బండ్లబాటపై పరచి, చక్రములక్రింద నలుగగొట్టి, తరువాత వాడుచుండిరి. ఈ చెత్తను ముందు పశువులక్రింద పరచినచో మూత్రము దానిలో ఇంకును. కొట్టపు మన్నునకు గూడ మూత్రము పట్టియుండును గనుక దానిని పారవేయక తీసికొనవలెను.

పిమ్మట గుంతలో చెత్త నొక పొరగా పరచి, దానిపై పేడనీళ్లు చల్లి, మూత్రము పట్టిన మన్నును, కట్టెల బూడిదను కొంచెముగా చల్లవలెను. ఇట్లు పొరపై పొర వేయవలెను. కాలితో త్రొక్కి గట్టిపరుపరాదు. తడి చాలవలెను గాని నీరు నిలువరాదు. కొన్ని దినములలో కుప్ప వేడెక్కును. ఆ వేడిలో కలుపు గింజలును, రోగక్రిములును చాలవరకు నశించును. నడుమ రెండుమూడు మారులు కుప్పను తిరుగవేసి, తడి చూచుచుండవలెను. మొదట బూజుజాతి జీవులును, తరువాత బాక్టీరియా అను సూక్ష్మజీవులును పనిచేసి, ఇంచుమించు మూడు మాసములలో ఆ చెత్తనంతయు నల్లని, పొడియైన, మంచి మంటివాసన గల యెరువుగా మార్చును.

ఈ యెరువు మొక్కకు ఆహారము పెట్టుటతో తృప్తిపడదు. ఇసుకనేలకు నీటిని పట్టి నిలుపు శక్తి నిచ్చును, రేగడిని గుల్లపరచి గాలి నాడించును, వానపాములను పెంచును, మేలుచేయు శిలీంధ్రములు వేళ్లతో కూడి, మొక్కకు ఆహారము నందించుటకు తోడుపడును. బస్తా యెరువు ఆ పంటతో ఖర్చగును. ఇది నేలయందు మూలధనముగా నిలుచును.

కష్టములు, స్వదేశగమనము

ఇండోరు పని ఫలించుచున్న సమయముననే హోవర్డు గారికి గొప్ప దుఃఖము సంభవించెను. 1930లో గేబ్రియేలు గారు మరణించిరి. ఇరువదియైదేండ్ల సహచరి పోయిన పిమ్మట ఆయనకు ఇండోరులో నిలువ మనస్కరింపలేదు. 1931లో ఉద్యోగమును విడిచి ఇంగ్లండునకు మరలెను. ఆ యేటనే వ్యవసాయపు వ్యర్థపదార్థములను గూర్చిన ఆయన గ్రంథము వెలువడినది. దానిపై వాడ్ గారి పేరును గలదు. ఆ సంవత్సరముననే గేబ్రియేలు గారి చెల్లెలగు లూయీజు గారిని ఆయన వివాహమాడెను. తరువాత భర్త భారతదేశమున చేసిన సేవను గ్రంథరూపమున లోకమునకు తెలిపినది ఆమెయే. 1934లో ప్రభుత్వమువారు ఆయనకు సర్ బిరుదము నిచ్చి గౌరవించిరి.

ఉద్యోగము చాలించిన పిమ్మట విశ్రాంతి తీసికొనక, ఆయన తన పద్ధతిని దేశదేశములకు తెలుపుటకు పూనుకొనెను. హిందూదేశపు తేయాకు తోటలు, ఆఫ్రికాలోని కెన్యా దేశపు కాఫీతోటలు మొదలగుచోట్ల ఇండోరు పద్ధతి వ్యాపించెను. ఇండోరు ప్రాంతమున పట్టణపు చెత్తను, మలమును గూడ ఈ విధముగనే నిరపాయమగు నెరువుగా చేయవచ్చునని చూపబడెను. అందువలన పట్టణమునకు శుభ్రత, పొలమునకు సారము రెండును సిద్ధించును. 1940లో ఆయన ముఖ్యగ్రంథము వెలువడెను. నేలనుండి తీసికొన్నదానిని నేలకు మరల ఇచ్చి తీరవలెనను నియమము దానియందలి సారాంశము. దానిని చదివి ఇంగ్లండులో లేడీ ఈవ్ బాల్ఫరు, అమెరికాలో రోడేలు మొదలగువారు సేంద్రియ వ్యవసాయోద్యమమును లేపిరి. హోవర్డు గారు 1947వ సంవత్సరము అక్టోబరు 20వ తేదీన పరమపదించిరి. ఆయన ఇరువదియారేండ్లు పనిచేసిన మన దేశము స్వతంత్రమై అప్పటికి రెండు మాసములు మాత్రమే గడచినది.

ఆయన మాటను అందరును అంగీకరింపలేదు. మొదటి ప్రపంచయుద్ధమున ప్రేలుడు పదార్థములకై గాలిలోని నత్రజనిని పట్టిన కర్మాగారములు, యుద్ధానంతరము ఎరువులను తయారుచేయ మొదలిడినవి. ఆ యెరువులు త్వరగా ఫలము చూపును. 1960వ దశకమున మన దేశము తిండిగింజల కొరతతో బాధపడినపుడు, పొట్టిరకముల విత్తనములతోపాటు ఆ యెరువులే అనేకుల ఆకలిని తీర్చినవి. ఈ మేలును మరచుట కృతఘ్నత. తెగుళ్లన్నిటికిని నేల క్షీణతయే కారణమను హోవర్డు గారి తలంపును గూడ శాస్త్రజ్ఞులు పూర్తిగా ఒప్పుకొనలేదు. కాని చెత్తను తగులబెట్టి, పేడను మరచి, బస్తానే నమ్మినచో నేల నిస్సారమగునని ఆయన చేసిన హెచ్చరిక నిజమైనది.

తెలుగు దేశమున

ఆ హెచ్చరిక యెంత నిజమో తెలుగు రైతు తన కష్టముతో నేర్చుకొనెను. 1997–98లో ఓరుగల్లు ప్రాంతమున ప్రత్తిపై పురుగు విజృంభించెను. అప్పుచేసి కొన్న మందులు పనిచేయలేదు. అప్పు నిలిచెను, పంట పోయెను. ఎందరో రైతులు ప్రాణములను తీసికొనిరి. ఆ కుటుంబముల దుఃఖమును తలచుకొన్నపుడు, ఎరువు పురుగుమందుల లెక్క శాస్త్రజ్ఞుల వాదము మాత్రమే కాదని తెలియును.

ఆ కష్టమునుండియే కొన్ని గ్రామములు మేల్కొనినవి. ఖమ్మము మండలమునకు చెందియుండిన పునుకుల గ్రామమువారు రసాయన మందులను విడిచి, వేపగింజల కషాయము, పచ్చిమిరప వెల్లుల్లి కషాయము మొదలగువానితో ప్రత్తిని కాపాడుకొనిరి. ఓరుగల్లు మండలమునకు చెందియుండిన ఏనెబావి యను చిన్న గ్రామమువారు 2006లో తమ ఊరియందలి సాగు అంతయు సేంద్రియమని ప్రకటించిరి. జహీరాబాదు ప్రాంతమున నిరుపేద స్త్రీలు సంఘములుగా కూడి, జొన్న, సజ్జ, కొఱ్ఱ, కంది మొదలగు పలు పంటలను ఒకే చేనిలో కలిపి పండించి, తమ విత్తనములను తామే దాచుకొనుచు పేరుపొందిరి. 2016 మొదలు ఆంధ్రప్రదేశమున ప్రభుత్వమువారే ప్రకృతి వ్యవసాయమును విరివిగా వ్యాపింపజేయ పూనుకొనిరి. హోవర్డు గారు తెలుగు దేశమున పనిచేసినవారు కారు. ఈ గ్రామస్థులలో పెక్కుమందికి ఆయన పేరైన తెలియకపోవచ్చును. కాని రైతుచెంతనుండి ఆయన తీసికొన్న విద్య రైతుచెంతకే మరల చేరినట్లు ఈ గ్రామములు చూపుచున్నవి.

ఇట్టి సాగువలన లాభము ఆ రైతునకు మాత్రమే చెందదు. ఎగువరైతు చేనినుండి మందునీరు కాలువలో దిగనిచో దిగువ గ్రామమువారు మంచినీరు త్రాగుదురు. నేల నీటిని పట్టి నిలిపినచో బావులు త్వరగా ఎండవు. కాలువ చివరి చేనికి తడి అందును. పట్టణపు తడిచెత్త ఎరువైనచో పట్టణమునకు దుర్గంధము తగ్గును. కావున పెంటగుంత త్రవ్విన రైతు ఎవ్వరును నియమింపకయే ప్రజాసేవ చేయుచున్నాడు. అందుచేతనే అతనికి తొలి సంవత్సరములలో దిగుబడి తగ్గినచో ఆ భారమును అతనిపైననే మోపుట ధర్మము కాదు. ఫలము ననుభవించు ప్రజలు అతనికి తోడుపడవలెను.

నేటి మూసీ మలినమును ఉన్నదున్నట్లు పొలమునకు పెట్టరాదు. అందులో కర్మాగారముల విషములు గూడ కలిసియున్నవి. విషమును మొదటనే వేరుచేసి, మిగిలినదానిని శుద్ధిచేసి, సారమును నేలకు చేర్చవలెను. అది గొప్ప పని. ప్రభుత్వములును, నగరవాసులును, రేపటి యింజనీర్లగు మన విద్యార్థులును కలిసి చేయవలసిన పని. కాని ఇంటి వంటచెత్తను వేరుచేసి యొక గుంతలో వేయుట నేడే చేయదగినది. ప్రతి పాఠశాల తోటయందును అట్టి గుంత యొకటి యుండవచ్చును.

విద్యార్థులారా! హోవర్డు గారు గొప్ప విశ్వవిద్యాలయమున చదివినవారు. అయినను చదువురాని రైతు చేనిగట్టున నిలిచి, తెలియనిదానిని తెలియదని యొప్పుకొని, నేర్చుకొనిరి. ఆ వినయమే ఆయన విద్యకు ఫలమిచ్చినది. మీ తాతగారు పొలమున చేయు పనిని ఒక్కదినము ఊరకే చూచి, ఏల నిట్లు చేయుచున్నారని అడుగుడు. మరియొకమారు వాడపల్లి సంగమమునకు పోయినపుడు ఆ నీటివంక చూచి, మన నేలకు మనము ఇంకను తీర్పవలసిన ఋణమెంతయో తలచుకొనుడు.